కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫ్ కాన్పు సేవ: ఏం దొరుకుతుంది, ఎక్కడ తడబడుతుంది

తెలంగాణలో ఐదు కాన్పులు జరిగితే మూడు ఆపరేషన్లే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇలాంటి చోట మామూలు కాన్పు కావాలనుకునే ఇంటికి, డబ్బు పెట్టకుండా దొరికే దారి ఒకటుంది. అది ప్రభుత్వ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు విభాగం. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే. ప్రైవేటు బర్త్ సెంటర్ల (మామూలు కాన్పుల కోసమే ఉండే కేంద్రాల) గురించి కూడా కొంత ఉంటుంది.

మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. ఆరోగ్యంగా ఉండి, ఏ చిక్కూ లేని గర్భిణికి ఇది చాలా మంచి సేవ. ఖరీదైన ఆసుపత్రిలో డబ్బు కట్టినా దొరకని ఓపిక ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది. అయితే అది శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఆ పూట ఆ గదిలో ఉన్నప్పుడే. ఆమె సెలవులో ఉంటేనో, వేరే వార్డు డ్యూటీలో ఉంటేనో, మిగిలేది మంచి రంగులు వేసిన ఒక గది మాత్రమే. కాబట్టి వెళ్లే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న గది గురించి కాదు, డ్యూటీ చార్టు గురించి.

మిడ్‌వైఫ్ అంటే ఎవరో ముందు స్పష్టంగా ఉండాలి. ఊళ్లో పురుడు పోసే మంత్రసాని కాదు, ఉపకేంద్రంలో టీకాలు వేసే ఏఎన్ఎం కూడా కాదు. నర్సింగ్ చదివి, స్టాఫ్ నర్సుగా పనిచేసి, ఆపైన 18 నెలలు కాన్పు మీదే శిక్షణ తీసుకున్నవారు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో తన దగ్గర ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం తన నర్సుల కోసం కరీంనగర్‌లో 18 నెలల కోర్సు పెట్టింది. మొదటి జట్టులో 30 మంది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ శిక్షణ పూర్తిచేసిన నర్సులకు ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే హోదా ఇచ్చి, రద్దీ ఎక్కువగా ఉండే ప్రసూతి ఆసుపత్రుల్లో వాళ్లు నడిపే విభాగాలు పెట్టాలని అందులో చెప్పింది. ‘మంత్రసాని’ మంచి మాటే. కానీ ఆ మాట వినగానే ‘చదువు లేనామె చేతిలో పెడతారా’ అని అత్తగారో అమ్మో బెదిరిపోతారు. ఇంట్లో ఈ వివరం ముందే చెప్పి ఉంచితే, నొప్పులు మొదలయ్యాక గొడవ తగ్గుతుంది.

గదిలో ఏముండాలి

చాలామంది ఫొటోల్లో చూసేది పెద్ద రబ్బరు బంతి, నేల మీద మెత్తటి పరుపు, గోడకు పట్టుకునే కడ్డీలు, అర్ధచంద్రాకారంలో కోసినట్టుండే కాన్పు పీట. ఇవన్నీ పనికొచ్చేవే. బంతి మీద కూర్చుని నడుము తిప్పుతుంటే వెన్ను నొప్పి తగ్గుతుంది. పీట మీద కూర్చుంటే బిడ్డ బరువు కిందికి పనిచేస్తుంది. బంతి లేకపోయినా నష్టం లేదు. మంచం పట్టీ పట్టుకుని ముందుకు వంగినా, దిండ్ల మీద వాలి మోకాళ్ల మీద నిలబడినా అదే పని అవుతుంది. నడుముకు పాత చీర చుట్టి వెనక నుంచి ఒకరు బిగించి పట్టుకుంటే, రెండు నొప్పుల మధ్య కాస్త ఊపిరి ఆడుతుంది.

నిజంగా చూడాల్సినవి ఫొటోల్లో కనబడవు. మొదటిది ఫ్రిజ్. కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ట్రేలో వేసి ఎండాకాలం గదిలో వదిలేస్తే దాని పట్టు తగ్గుతుంది. అప్పుడు మందు ఇచ్చీ ఇవ్వనట్టే. రెండోది గదిలోనే మరుగుదొడ్డి, వేడినీళ్లు. నొప్పుల్లో ఉన్న మనిషి కారిడార్ దాటి క్యూలో నిలబడాల్సి వస్తే నడవడం మానేసి మంచం ఎక్కేస్తుంది, కాన్పు నెమ్మదిస్తుంది. మూడోది పుట్టిన బిడ్డ కోసం వెచ్చని దీపం, దాని పక్కనే సంచి-మాస్కు. ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోపే గాలి అందించడం మొదలవ్వాలి. మాస్కు పక్క గదిలో ఉంటే ఆ నిమిషం వెతుకులాటలోనే పోతుంది. నాలుగోది బిడ్డ గుండె చప్పుడు వినే చేతి డాప్లర్. అది పనిచేస్తోందా, బ్యాటరీ ఉందా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ కాన్పు జరిగే అన్ని గంటలూ బిడ్డ క్షేమం తెలిసేది దానితోనే.

తోడు మనిషికి చోటుండాలి. భర్త లోపలికి రావచ్చా అన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఒకే హాల్లో నాలుగైదు మంచాలుంటే మిగతా స్త్రీల మర్యాద కోసం మగవాళ్లను రానివ్వరు. అలాంటి చోట తల్లో, అక్కో, వదినో వెంట ఉండేలా చూసుకోండి. మొత్తానికి ఒక ఆడమనిషి తోడు ఉండనిచ్చేలా ముందే మాట తీసుకోండి. పక్కన తెలిసిన మనిషి ఉన్నప్పుడు ఆపరేషన్ల అవసరం తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది.

కాన్పు ఎలా నడుస్తుంది

మామూలు లేబర్ వార్డుకూ దీనికీ మొదటి తేడా చేర్చుకునే సమయంలోనే తెలుస్తుంది. గర్భసంచి ముఖద్వారం రెండు సెంటీమీటర్లు తెరుచుకోగానే చేర్చుకుంటే, పన్నెండు గంటల తర్వాత కూడా నాలుగే ఉందని అందరికీ కంగారు మొదలవుతుంది. ముందు నొప్పుల సెలైన్ పెడతారు. దాంతో నొప్పి ఓర్చుకోలేనంత పెరుగుతుంది, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతుంది, చివరికి ఆపరేషన్ థియేటర్. ఈ వరస ప్రసూతి వార్డుల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం అసలైన నొప్పుల దశ అయిదు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంతకుముందు దశ ఎంతసేపు ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అందుకే మంచి మిడ్‌వైఫ్ అన్నీ పరీక్షించి, బిడ్డ గుండె విని, అంతా బాగుంటే ‘ఇంకా టైముంది, ఇంటికి వెళ్లి తిని పడుకోండి, ఇవి కనిపిస్తే వెంటనే రండి’ అని పంపుతుంది. ఊరు దూరమైతే ఆసుపత్రిలోనే వేచి ఉండే చోట ఉంచుతుంది. దీన్ని చాలా కుటుంబాలు ‘చేర్చుకోకుండా తిప్పి పంపారు’ అని ఫిర్యాదుగా చెబుతాయి. మా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే విలువైన మాట అదే.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు ఇవి: ఉమ్మనీరు పోవడం, అది ఆకుపచ్చగా ఉండటం, రక్తం పడటం, బిడ్డ కదలిక తగ్గడం, తలనొప్పితో పాటు కళ్లు మసకబారడం, జ్వరం. వీటిలో ఏది కనిపించినా నొప్పుల కోసం ఎదురుచూడకూడదు.

చేరాక మిడ్‌వైఫ్ రాసుకునే పత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన ‘లేబర్ కేర్ గైడ్’ అయ్యుంటే మంచిది. కాన్పు ఎలా సాగుతోందో గీసే పాత పత్రం పార్టోగ్రామ్‌లో ‘గంటకు ఒక సెంటీమీటరు’ అన్న గీత ఉండేది. అది దాటితే ఏదో తేడా ఉన్నట్టే లెక్క. నిజానికి చాలామంది ఆరోగ్యవంతులు ఆ వేగంతో తెరుచుకోరు. కొత్త పత్రంలో ఒక్కో మెట్టుకు ఒక్కో గడువు ఉంది. అయిదు సెంటీమీటర్ల దగ్గర ఆరు గంటలు, ఆరు దగ్గర అయిదు గంటలు, ఏడు దగ్గర మూడు, ఎనిమిది దగ్గర రెండున్నర, తొమ్మిది దగ్గర రెండు గంటలు. ఆ గడువు మించితే ఏం జరుగుతోందో చూడాలి, డాక్టరుతో మాట్లాడాలి. దాటిన మరుక్షణం కోత పెట్టాలని కాదు. బిడ్డ గుండె చప్పుడు ఈ దశలో 15–30 నిమిషాలకోసారి, తల్లి ముక్కడం మొదలయ్యాక 5 నిమిషాలకోసారి వినాలి. నిమిషానికి 110 కంటే తక్కువున్నా, 160 చేరినా అప్రమత్తం కావాలి. లోపరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. వచ్చిన ప్రతి డ్యూటీ సిబ్బందీ ‘ఒకసారి చూస్తాను’ అంటుంటే అది నొప్పి మీద నొప్పి, ఇన్‌ఫెక్షన్‌కూ దారి. కారణం అడగడానికి మొహమాటపడవద్దు.

ఆకలితో ఉంచరు. ఇడ్లీ, పెరుగన్నం, మజ్జిగ, కొబ్బరినీళ్లు, పండ్లు కొద్దికొద్దిగా తినవచ్చు, తాగవచ్చు. గంటల తరబడి ఒళ్లు పనిచేస్తున్నప్పుడు కడుపు ఖాళీగా ఉంటే గర్భసంచికీ శక్తి చాలదు. ఎనిమా, వెంట్రుకలు గీయడం అవసరం లేదు. ఉమ్మనీటి సంచిని ఊరికే పగలగొట్టరు.

ముక్కే దశలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు వార్డులో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి, ‘ఊపిరి బిగబట్టు, ముక్కు, ముక్కు’ అని నలుగురు అరుస్తారు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకనున్న పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు రక్తం తగ్గుతుంది. పైగా తోకఎముక కదలడానికి చోటుండదు. మిడ్‌వైఫ్ పక్కకు పడుకోమంటుంది, లేదా చేతులు, మోకాళ్ల మీద ఉండమంటుంది. ముక్కాలన్న తపన దానంతట అదే వచ్చేదాకా ఆగుతుంది. తొలి కాన్పుకు ఈ దశ మూడు గంటల దాకా, తర్వాతి వాటికి రెండు గంటల దాకా పట్టవచ్చు. తల్లీ బిడ్డా బాగుంటే తొందర అనవసరం. తల బయటికి వచ్చేటప్పుడు వేడినీళ్లలో పిండిన గుడ్డను కింద అద్దిపెట్టి, చేత్తో తలను నెమ్మదిగా రానిస్తుంది. పెద్ద చిరుగులు తగ్గడానికి ఇది పనికొస్తుంది. తొలి కాన్పు కాబట్టి కింద కోసేయడమనే అలవాటుకు ఏ ఆధారమూ లేదు. కడుపు మీద ఎక్కి నొక్కడం ఇంకా ప్రమాదం. గర్భసంచి చిరగవచ్చు, బిడ్డ భుజానికి దెబ్బ తగలవచ్చు. మిడ్‌వైఫ్ గదిలో ఇది జరిగితే ఆ గదికి ఆ పేరు తగదు.

బిడ్డ పుట్టాక తుడిచి, తల్లి రొమ్ము మీదే పెట్టి, ఇద్దరినీ కప్పుతారు. ఒక నిమిషంలోపు తల్లికి తొడ కండరంలో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. అంతకుముందు లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకోవాలి. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తారు. ఆ కొద్దిసేపట్లో మాయలోని రక్తం బిడ్డకు చేరి, తర్వాతి నెలల్లో ఇనుము లోపం తగ్గుతుంది. మనవైపు తల్లుల్లో రక్తహీనత ఎంత ఉందో తెలిస్తే ఈ మూడు నిమిషాల విలువ అర్థమవుతుంది. మాయ పడ్డాక అది ముక్క విరగకుండా వచ్చిందో లేదో పరచి చూడాలి. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు. అందుకే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి కొలవాలి. 500 మిల్లీలీటర్లు దాటకముందే గర్భసంచి రుద్దడం, మందులు, రక్తం గడ్డకట్టించే ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము సెలైన్, డాక్టరుకు పిలుపు, అన్నీ ఒకేసారి మొదలవ్వాలి. ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. అలా కొలిచి, అన్నీ కలిపి చేసే పద్ధతితో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గినట్టు 2023లో ఆఫ్రికా దేశాల పరీక్షలో తేలింది. మీరు చూడబోయే గదిలో ఆ కొలత సంచి వాడుతున్నారా అని అడగండి. ఖరీదైన మంచం కంటే అది ముఖ్యం. గంటలోపు ముర్రుపాలు పట్టించడం, బిడ్డకు విటమిన్ కె ఇంజెక్షన్, కుట్లు అవసరమో కాదో వెలుతురులో చూడటం, ఇవన్నీ మిడ్‌వైఫే చేస్తుంది.

ఎవరికి నప్పదు

ఒకే బిడ్డ, తల కిందికి ఉండటం, 37 వారాలు నిండటం, బీపీ 140/90 లోపు ఉండటం, ఇదివరకు సిజేరియన్ లేకపోవడం, రక్తం చాలినంత ఉండటం. మామూలుగా చేర్చుకునే హద్దులు ఇవి. కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, ఇన్సులిన్ మీదున్న షుగర్, గుండె జబ్బు, మాయ కిందికి ఉండటం, పోయిన కాన్పులో విపరీతమైన రక్తస్రావం ఉంటే డాక్టరు ఉన్న విభాగమే కావాలి. ప్రతి నెల 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ పరీక్షల్లో చిక్కులున్న వారి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఆ స్టిక్కర్ ఉన్నవాళ్లు మిడ్‌వైఫ్ గది కోసం పట్టుబట్టకూడదు. అయినా మిడ్‌వైఫ్ పక్కన ఉండి ధైర్యం చెప్పడానికీ, పాలు పట్టించడానికీ ఎర్ర స్టిక్కర్ అడ్డు కాదు. ఆ సాయం అడిగి తీసుకోండి.

ఇక్కడే మన రెండు రాష్ట్రాల్లో పెద్ద గండి రక్తహీనత. మొదట చెప్పిన సర్వేలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువున్నవారే. హిమోగ్లోబిన్ 7–8 ఉన్నామెకు మామూలుగా పోయే రక్తం కూడా ప్రమాదమే. అందుకే మిడ్‌వైఫ్ ఆమెను చేర్చుకోదు, చేర్చుకోకపోవడమే సరైన పని. చాలామంది తొమ్మిదో నెలలో వచ్చి, ఈ ఒక్క కారణంతో చేజార్చుకుంటారు. ఏడో నెలలో, అంటే 28 వారాలకు, పరీక్ష చేయించుకుంటే సరిదిద్దుకోవడానికి రెండు నెలలు చేతిలో ఉంటాయి. రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాత్ర అందరికీ ఇస్తారు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు. టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి మింగితే ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, ఉసిరితోనో తీసుకోవాలి. మాత్రలు పడక వాంతులైతే మానేయకుండా, సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించమని అడగాలి.

ఎపిడ్యూరల్, అంటే వెన్నులో ఇచ్చే నొప్పి మందు, మిడ్‌వైఫ్ గదిలో ఉండదు. అది కచ్చితంగా కావాలనుకుంటే మత్తు డాక్టరు రాత్రింబవళ్లు ఉండే ఆసుపత్రి చూసుకోవాలి. అడగడంలో తప్పేమీ లేదు, అది ఆ తల్లి హక్కు.

డాక్టరు దగ్గరికి మార్చడం

ఈ సేవ మీద కుటుంబాలకు ఉండే పెద్ద భయం ‘మధ్యలో ఏదైనా అయితే?’ అన్నది. జవాబు అంకెల్లోనే ఉంది. 2011లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనంలో చిక్కుల్లేని 64,538 మంది గర్భిణులను చూశారు. మిడ్‌వైఫ్ విభాగంలో తొలి కాన్పు మొదలుపెట్టినవారిలో 36 నుంచి 40 శాతం మందిని డాక్టర్ల విభాగానికి మార్చాల్సి వచ్చింది. రెండో, మూడో కాన్పువారిలో 9 నుంచి 13 శాతమే. మార్చడానికి కారణాల్లో కాన్పు నెమ్మదించడం, నొప్పి మందు కావాలనడం లాంటి తీరిగ్గా చేసేవే ఎక్కువ. మిడ్‌వైఫ్ విభాగాల్లో బిడ్డలకు ప్రమాదం పెరిగినట్టు తేలలేదు. సిజేరియన్లు డాక్టర్ల విభాగంలో 11 శాతం అయితే, ఆసుపత్రి పక్కనున్న మిడ్‌వైఫ్ విభాగాల్లో 4.4, విడిగా ఉన్నవాటిలో 3.5. కాబట్టి తొలిచూలు గర్భిణి ‘ముగ్గురిలో ఒకరికి పైగా మారాల్సి రావచ్చు’ అని ముందే మనసులో పెట్టుకోవాలి. మార్చడం ఓటమి కాదు. మిడ్‌వైఫ్ తన పని సరిగ్గా చేస్తోందనడానికి గుర్తు అది.

ప్రభుత్వ ఆసుపత్రి విభాగానికి ఉన్న అతి పెద్ద బలం ఇదే. ఆపరేషన్ థియేటర్ అదే భవనంలో, తరచూ అదే అంతస్తులో ఉంటుంది. స్ట్రెచర్ మీద నిమిషాల్లో చేరిపోవచ్చు, ఆంబులెన్స్ అక్కర్లేదు. ఊరి చివర విడిగా ఉన్న సెంటర్‌కు ఈ వెసులుబాటు లేదు.

ఎక్కడ తడబడుతుంది

ఇన్ని మంచి మాటల తర్వాత లోపాలు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

మొదటిది డ్యూటీలు. పద్దెనిమిది నెలలు నేర్పించిన నర్సును ఐసీయూకో, టీకాల వార్డుకో, లెక్కల రిజిస్టర్ల పనికో వేస్తే ఆ శిక్షణ వృథా. పదోన్నతి వస్తే మళ్లీ మామూలు నర్సింగ్ లైనులోకే వెళ్లాల్సి వస్తుంది. మిడ్‌వైఫ్‌లకు విడిగా పోస్టులు, విడిగా పదోన్నతి మెట్లు లేని చోటల్లా ఈ సేవ కొద్దికొద్దిగా కారిపోతుంది. కాన్పుల్లో సగం రాత్రిపూటే అవుతాయి. పగటి డ్యూటీలోనే మిడ్‌వైఫ్ ఉంటే, సేవ సగమే ఉన్నట్టు.

రెండోది ఒక మనిషికి ఎంతమంది అన్నది. నొప్పుల దశలో ఒక గర్భిణికి ఒక మిడ్‌వైఫ్ ఉండాలి. పైన చెప్పిన అయిదు నిమిషాలకోసారి గుండె వినడం, వేడి గుడ్డ, ఓపిక, ఇవన్నీ ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. ఒకరు నలుగురిని చూస్తుంటే ముందు మాట్లాడటం ఆగుతుంది, తర్వాత గుండె వినడం ఆలస్యమవుతుంది, చివరికి పాత వార్డు పద్ధతులన్నీ తిరిగొస్తాయి.

మూడోది అధికారం. కాగితం మీద చిక్కుల్లేని కాన్పు మిడ్‌వైఫ్‌దే. కానీ డ్యూటీ డాక్టరు రౌండ్‌కు వచ్చి ‘ఇంకా కాలేదా, డ్రిప్ పెట్టు’ అంటే, కింది ఉద్యోగి ఎదురు చెప్పలేదు. ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవనక్కర్లేదు అన్నది డాక్టర్లూ మిడ్‌వైఫ్‌లూ కలిసి రాసుకుని గోడకు అంటించిన ఆసుపత్రుల్లో ఈ గొడవ తక్కువ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నమ్మకంతో పనిచేస్తే డాక్టరుకే లాభం. బీపీ ఎక్కినవారికి, రక్తం పోతున్నవారికి, ఎదురుకాళ్ల బిడ్డకు ఇవ్వాల్సిన సమయం డాక్టరుకు మిగులుతుంది. మిడ్‌వైఫ్ సేవ ఎక్కువమందికి అందడమంటే ఇది కూడా.

నాలుగోది ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి. ముహూర్తం చూసి కోత అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘పిల్ల అరుస్తోంది, ఆపరేషన్ చేసేయండి’ అని తలుపు బాదేవాళ్లు అంతకంటే ఎక్కువ. కాన్పు నొప్పికి అరవడం మామూలే. దాన్ని చూసి ఇంటివాళ్లు భయపడితే తల్లికి ఇంకా భయం పెరుగుతుంది, భయంతో ఒళ్లు బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. గర్భిణితో పాటు, కాన్పుకు తోడు వచ్చే మనిషి కూడా ముందుగా ఒకసారి వచ్చి మిడ్‌వైఫ్‌తో మాట్లాడాలని మేం గట్టిగా చెప్పేది అందుకే.

అయిదోది, మాకు అన్నిటికంటే బాధ కలిగించేది, పరిచయం లేకపోవడం. నెల నెలా చూసిన మనిషే కాన్పులోనూ ఉంటే ఫలితాలు బాగుంటాయని 17 పరీక్షలను, 18,533 మంది స్త్రీలను కలిపి చూసిన 2024 కోక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే సంస్థ చేసింది) చెబుతోంది. మన ఆసుపత్రుల్లో ఓపీలో చూసినవారు వేరు, లేబర్‌లో ఉండేవారు వేరు, వార్డులో ఉండేవారు వేరు. పుట్టింటికి వెళ్లి కాన్పయ్యే మన ఆచారం వల్ల ఇది ఇంకా పెరుగుతుంది. అత్తగారి ఊళ్లో ఏడు నెలలు చూపించుకుని, సీమంతం తర్వాత వేరే జిల్లాకు వెళ్లే అమ్మాయికి మొత్తం మళ్లీ మొదటికే. పుట్టిల్లు ఎక్కడో తెలిసినప్పుడు, అక్కడి ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ విభాగం ఉందో లేదో ఆశా కార్యకర్త ద్వారా అయిదో నెలలోనే కనుక్కోవడం నయం.

ప్రైవేటు బర్త్ సెంటర్లు, విదేశాల్లో ఉన్నవి

హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ లాంటి ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్లతో పాటు మిడ్‌వైఫ్‌లు ఉంటారు. శాంక్టమ్ లాంటి సహజ ప్రసవ కేంద్రాలు మిడ్‌వైఫ్ నడిపేవే. ఇలాంటి చోట్ల ప్రభుత్వ విభాగంలో దొరకనిది సమయం: తరగతులు, ముందు నుంచి తెలిసిన మనిషి, భర్తకు చోటు, నీళ్ల తొట్టె. తొట్టె ఉంటే నీళ్ల వేడి 37.5 డిగ్రీలు దాటకూడదు. గంటకోసారి కొలవాలి. తల్లికి వేడి ఎక్కితే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది.

ఖర్చు మాత్రం మధ్యతరగతికి కూడా బరువే. విడిగా ఉన్న ఏ సెంటర్‌కైనా వెళ్లేముందు అడగాల్సినవి: ఆపరేషన్ అవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఆ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉందా, సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో అక్కడికి ఎంతసేపు, వెంట మిడ్‌వైఫ్ వస్తుందా, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా, విడిగానా, పోయిన ఏడాది ఎన్ని కాన్పులు, ఎంతమందిని మార్చారు. చివరి ప్రశ్నకు ‘మా దగ్గర ఎవరినీ మార్చాల్సిన అవసరం రాలేదు’ అన్న జవాబు వస్తే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పేరులో ‘నేచురల్’ ఉండి, లోపల శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఒక్కరూ లేని చోట్లు కూడా ఉంటాయి. చదువు, రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనడం మర్యాద తక్కువ పని కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి బర్త్ సెంటర్ అంటే ఎక్కువగా ఆసుపత్రికి బయట, మిడ్‌వైఫ్ నడిపే చిన్న కేంద్రం. అక్కడ 79 సెంటర్లలో 15,574 మందిని చూసిన 2013 అధ్యయనంలో సిజేరియన్లు 6 శాతమే. పేదలకిచ్చే మెడికెయిడ్ బీమా మీదున్న తల్లులతో 2013 నుంచి చేసిన ‘స్ట్రాంగ్ స్టార్ట్’ కార్యక్రమంలోనూ, బర్త్ సెంటర్లకు వెళ్లినవారికి నెలలు నిండని కాన్పులు, ఆపరేషన్లు, ఖర్చు మూడూ తగ్గాయి. అంటే ఇది డబ్బున్నవాళ్ల ముచ్చట కాదని అక్కడ కూడా తేలింది. చేరేముందు మీ బీమా ఆ సెంటర్‌ను ఒప్పుకుంటుందా, బర్త్ సెంటర్లను పరిశీలించి గుర్తింపునిచ్చే సీఏబీసీ సంస్థ గుర్తింపు ఉందా చూసుకోండి. కాన్పయ్యాక కొద్ది గంటల్లోనే ఇంటికి పంపుతారు. కాబట్టి ఇండియా నుంచి అమ్మ వచ్చే టికెట్ కాన్పు తేదీకి కనీసం మూడు వారాల ముందుండాలి.

ప్రభుత్వ సేవ వాడుకోవాలంటే

ఏడో నెలలో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), స్కాన్ రిపోర్టులు, రక్త పరీక్షలు తీసుకుని ఓపీకి వెళ్లి, మిడ్‌వైఫ్ విభాగం కోసం వచ్చామని చెప్పండి. రాత్రి డ్యూటీలో మిడ్‌వైఫ్ ఉంటుందా, తోడు ఎవరు రావచ్చు, ఆ నెలలో థియేటర్ రాత్రంతా నడుస్తోందా అని అడగండి. లేబర్ గది ఒకసారి చూపించమనండి. జననీ శిశు సురక్ష పథకం కింద కాన్పు, మందులు, పరీక్షలు, ఆపరేషన్ అయినా సరే, అన్నీ ఉచితం. తిండి మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు ఇవ్వాలి. రానూపోనూ బండి కూడా ఉచితమే. తెలంగాణలో 102 అమ్మ ఒడి వాహనం, ఆంధ్రలో కాన్పయ్యాక ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, అత్యవసరమైతే ఎక్కడైనా 108. ఎవరైనా చేయి చాపితే ఇవ్వవద్దు. సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా చెప్పండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: మెత్తటి పాత నూలు చీరలు రెండు, ముందు తెరుచుకునే నైటీలు, బిడ్డకు ఉతికిన గుడ్డలు, టోపీ, ఫ్లాస్కు, ఖర్జూరాలు, బెల్లం, ఫోన్ ఛార్జర్, రక్తం అవసరమైతే ఇవ్వగల ఇద్దరి నంబర్లు.